త్రాగుడు మాన్పించువారికి

"గదిలో బెట్టి తాళము వేసిన మూడు దినములకు వాడే దారికి వచ్చును" - త్రాగుబోతును గూర్చి తెనాలి ప్రాంతపు పెద్దమనుష్యులు నేటికిని ఇట్లనుచునే యున్నారు. ఇట్లనువారు దుర్మార్గులు గారు. ఇంటి పరువు, పిల్లల పొట్ట, తాకట్టుపడిన పొలము వారిచే నట్లనిపించుచున్నవి. కాని ఆ మూడు దినములే రోగి ప్రాణమునకు గండములని వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

మద్యనిషేధము మనకు క్రొత్త మాట గాదు. 1937 అక్టోబరు 1న రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలం జిల్లాలో దాని నారంభించినది. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటను అమలులోనికి వచ్చినది. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఈ సమస్యమీదనే కూలినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలినది. ఇన్నిమార్లును మనము దుకాణమును గూర్చి వాదించితిమి. దుకాణము మూతపడిన మరునాడు త్రాగువాని శరీరమున కేమగునో ఒక్కమారైన నాలోచించితిమా?

2020 మార్చిలో ఆ ప్రశ్న దానంతటదియే వచ్చిపడినది. మహమ్మారి కారణమున దేశమంతటను దుకాణములు మూతపడగా, హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకు వణకుచు, కలవరించుచు వచ్చినవారి సంఖ్య ఒక్కసారిగ పెరిగినది. కేరళ ప్రభుత్వము వైద్యుని చీటిపై మద్యమునే యిప్పింపబూనగా, వైద్యులు అది చికిత్స గాదని యెదిరించిరి. హైకోర్టు ఆ యుత్తరువును నిలిపివేసినది. ఆ యేడు జూలై చివరను ప్రకాశం జిల్లా కురిచేడులో చేతులు కడుగుకొను శానిటైజరును త్రాగి పదిమందికి పైగా మరణించిరి.

ఇందలి కారణము సులభముగనే గ్రహింపవచ్చును. ఏండ్లతరబడి మద్యము మెదడును మందగింపజేయుచుండగా, మెదడు తన వేగమును హెచ్చించుకొని దాని కెదురు నిలుచును. మద్యము తటాలున నాగెనా, హెచ్చిన వేగము మాత్రము మిగిలిపోవును. దుగ్గిరాల లాకుల కడ తలుపులన్నియు ఒక్కమారుగ నెత్తివేసిన క్రింది గట్లు నిలుచునా? కడపటి గుటక పడిన ఆరేడు గంటలు మొదలుకొని చేతుల వణకు, చెమట, నిద్రలేమి పుట్టును. మొదటి రెండు దినములలో కొందరికి మూర్ఛలు వచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినములోపల కొందరికి సన్నిపాతము వంటి స్థితి కలుగును. దీనిని వైద్యులు డెలీరియమ్ ట్రెమెన్స్ అందురు. లేని పాములు గోడపై ప్రాకును, ఒడలు కాలును, మనుష్యుల గుర్తు తప్పును. గాలి సోకినదని భూతవైద్యునికి కబురు పంపు వేళ యిదియే. చికిత్స లేనిచో ఇది ప్రాణము తీయగలదు.

భారతీయ మనోవైద్య సంఘమువారి చికిత్సాసూత్రములును, ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2010లో సామాన్యవైద్యులకొరకు వెలువరించిన మార్గదర్శినియు ఇచట చెప్పునది యొక్కటే. డయజెపామ్ గాని క్లోర్‌డయజెపాక్సైడ్ గాని తగిన మోతాదున నిచ్చి, కొలది దినములలో క్రమముగ తగ్గించి మాన్పవలెను. కాలేయము చెడినవారికి లోరజెపామ్ మేలు. దీనితోపాటు థయమిన్ అను బి1 విటమిను తప్పక యీయవలెను. తవుడుతో బోవు విటమిను ఇదియే. మరపట్టిన తెల్లబియ్యము తినుచు, త్రాగుడుచే తిండి చెడగొట్టుకొనినవానికి దీని కొరత మెండు. అట్టివానికి థయమిన్ ఈయకుండ గ్లూకోజు ఎక్కించిన మెదడుకే చేటు రావచ్చును. నీరసమని ఊరి వైద్యునిచే సీసా కట్టించువారు ఈ సంగతి గుర్తెరుంగుదురు గాక.

వణకు తగ్గుటతో చికిత్స ముగిసినదనుకొనుట మరియొక భ్రమ. తిరిగి త్రాగకుండుటకు నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అను మందులు కలవు. వానితోపాటు నెలలతరబడి సలహా, కుటుంబపు తోడ్పాటు కావలెను. మరల త్రాగినచో రోగము తిరుగబెట్టినదని యెంచవలెను గాని మాట తప్పెనని వెలివేయరాదు. ఇక మూడవది డైసల్ఫిరామ్. దీనిని పుచ్చుకొన్నవాడు త్రాగెనా, ముఖము కందగడ్డయగును, గుండె దడదడలాడును, వాంతులు పుట్టును, రక్తపుపోటు పడిపోవచ్చును. అన్నియు తెలిసి సమ్మతించినవానికి, వైద్యుని కనుసన్నల నీయదగిన మందిది. దీనినే "తెలియకుండ త్రాగుడు మాన్పించెదము" అను ప్రకటనలు నమ్మి పులుసులోనో కాఫీలోనో కలిపి పెట్టు గృహిణులున్నారు. వారి దుఃఖము మే మెరుగుదుము. గుండెజబ్బు గల భర్తకు ఆ పులుసు విషమే కావచ్చును.

2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సర్వేక్షణ ప్రకారము, మద్యమునకు దాసులైనవారిలో 38 మందికొక్కరికి మాత్రమే ఏదో యొక చికిత్స అందినది. తక్కినవారికి అందినవి తిట్లు, తాళములు. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము త్రాగుడుచే గలుగు మానసికస్థితులను రోగములలో జేర్చినది. రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. మరియొక మాట: ఎంగిలిసారా త్రాగు పాలేరు మాత్రమే త్రాగుబోతు, మేడపై సీమసారా త్రాగు ఆసామి "అలవాటు గలవాడు" అను భేదమును కాలేయ మెరుగదు.

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మనోవైద్యశాఖ కలదు. తెనాలినుండి పోవుట యెక్కువ దూరము గాదు. సలహాకు 14446 అను ఉచిత టెలిఫోను కలదు. రోగిని గొనిపోవువారు వైద్యున కీ నాలుగు సంగతులు చెప్పవలెను: త్రాగుచున్నది యెన్ని యేండ్లుగా, దినమునకెంత, కడపటిసారి యే గంటకు, మునుపు మానినప్పుడు మూర్ఛ వచ్చెనా లేదా.