లెక్కలోకి రాని గంటలు

బర్న్‌అవుట్ అంటే ఒక రోజు ఎక్కువ పని చేస్తే వచ్చే అలసట కాదు. నెలల తరబడి తగ్గకుండా సాగే పని ఒత్తిడి వల్ల మనిషిలో ఓపిక, ఆసక్తి, తన పనితనం మీద తనకున్న నమ్మకం మూడూ సన్నగిల్లే స్థితి. న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో రాసిన వ్యాసంతో ఇది శాస్త్రీయ చర్చలోకి వచ్చింది. ఒక ఉచిత వైద్యశాలలో ఎంతో ఉత్సాహంగా చేరిన స్వచ్ఛంద కార్యకర్తలు కొన్నాళ్లకే నీరసపడి, అయినదానికీ కానిదానికీ విసుక్కోవడం ఆయన గమనించాడు. 1981లో క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ దీన్ని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ దీన్ని జబ్బుగా కాక, పని వల్ల తలెత్తే పరిస్థితిగా నిర్వచించింది. ఒంట్లో సత్తువంతా అయిపోయినట్టు ఉండటం, పని మీద విముఖత పెరగడం, సామర్థ్యం తగ్గడం అందులో చెప్పిన మూడు గుర్తులు.

ఈ నిర్వచనాలన్నీ పనిచేసే చోటు వేరు, ఇల్లు వేరు అనుకుని రాసినవి. ఇంటి ముందుగదిలో బొటిక్ పెట్టుకున్న మహిళకు, వంటింట్లోనే పచ్చళ్లు కలిపి అమ్మే మహిళకు, వీధి వైపు గదిలో కర్రీ పాయింట్ నడిపే మహిళకు ఆ గీత ఎక్కడా కనిపించదు. 2013-14లో జరిగిన ఆరో ఆర్థిక గణన నాటికి దేశంలో మహిళలు నడుపుతున్న సంస్థలు సుమారు 80 లక్షలు. వాటిలో 83 శాతం జీతానికి ఒక్క మనిషిని కూడా పెట్టుకోనివే. ఆ లెక్కలో తమిళనాడు, కేరళల తర్వాత స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. అంటే మహిళా వ్యాపారి అనగానే వేదికల మీద సన్మానం అందుకునేవారు గుర్తొస్తారు గానీ, ఆ మాటకు అసలు అర్థం సరుకు కొనడం, తయారీ, బేరం, లెక్క, వసూలు అన్నీ తానే చూసుకునే ఒంటరి మనిషి.

ఆ పనంతా ఇంటిపని తీరాక మొదలవుతుంది, లేదా ఇంటిపని మధ్యలోనే జరుగుతుంది. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే మహిళలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ పనిలో చెయ్యి వేసే మగవారు వెచ్చించేది 97 నిమిషాలు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో ఆడవారికి తగ్గింది పది నిమిషాలైతే, మగవారు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు. దాదాపు అయిదు గంటల ఇంటిపని మీద ఎనిమిది, తొమ్మిది గంటల వ్యాపారం వచ్చి చేరితే, మిగతా అవసరాలకు సమయం తరచూ నిద్రలోంచే కోసుకోవాల్సి వస్తుంది. పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. ఇంటిపని కూడా కలిపితే ఈ 55 గంటలు చాలామంది మహిళలకు గురువారానికే దాటిపోతాయి.

ఉద్యోగికి వారానికో సెలవు చట్టం ఇచ్చింది. 2017 సవరణతో మహిళా ఉద్యోగికి 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. యజమానికి ఇవేవీ లేవు. కాన్పైన నెలకే మెషీన్ ముందు కూర్చునే బొటిక్ యజమానురాలిని చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకుంటారే తప్ప, ఆమెకు రావలసిన విశ్రాంతి ఎటు పోయిందని అడగరు.

కొన్ని వ్యాపారాల్లో భారం ఆ సరుకులోనే ఉంటుంది. ఆవకాయనే చూస్తే, కాయ దిగిన రోజే ముక్క కొట్టించాలి, జీడి తీయాలి, ఒక్కో ముక్కనూ పొడిబట్టతో తుడవాలి. తడి మిగిలితే జాడీ అంతా బూజు పడుతుంది. కారం, ఆవపిండి, ఉప్పు, నూనె పట్టించాక మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసుకోవాలి. వీటిలో ఏదీ రేపటికి వాయిదా వేసేది కాదు. ఇదంతా ఏప్రిల్, మే ఎండల్లో, కారం ఘాటు నిండిన గదిలో, పిల్లలకు సెలవులున్న రోజుల్లో, అమెరికా వెళ్లే కొడుకుల కోసం తల్లులు పార్సిల్ ఎప్పుడని ఫోన్లు చేస్తుండగా సాగాలి. అరిసెలు, సకినాలు చేసేవారికి సంక్రాంతి ముందు రోజులు, బ్లౌజులు కుట్టేవారికి శ్రావణమాసం, పెళ్లి ముహూర్తాలు ఇలాగే ఉంటాయి. ఇలాంటి పనిని రోజుకింత అని సమంగా పంచుకోమని సలహా ఇవ్వడం ఆ పని తెలియనివారి మాట. అక్కడ సీజన్‌ను ఆపలేరు, సీజన్ తర్వాతి విశ్రాంతిని మాత్రం ముందే రాసి పెట్టుకోవచ్చు. బట్టల పనివారికి ఆషాఢం, మూఢం రోజులు, పచ్చళ్లవారికి వానాకాలం మొదలు సహజంగా వచ్చే విరామాలు. చాలామంది ఆ రోజుల్లో గిరాకీ లేదన్న దిగులుతో ఆన్‌లైన్ సేల్ పెట్టి, ఉన్న విరామాన్ని కూడా పనిగా మార్చుకుంటున్నారు. శరీరం కోలుకునేది ఆ వారాల్లోనే.

మిగతా భారంలో చాలా భాగం ధరలో దాగి ఉంటుంది. ఉదాహరణకు మగ్గం వర్క్ చేసిన ఒక పెళ్లి బ్లౌజుకు 3,500 రూపాయలు తీసుకుంటారనుకుందాం. మగ్గం పనివాడికి 1,800, పూసలు, జరీ, లైనింగ్‌కు 500, కుట్టుకూలి 350 పోతే 850 మిగులుతుంది. అద్దె, కరెంటు వాటా 300 తీస్తే 550. దాన్నే లాభం అంటారు. కానీ ఆ బ్లౌజు కోసం యజమానురాలు కొలతలు తీసుకుంది, పది డిజైన్లు వాట్సాప్‌లో పంపింది, చీర అంచుకు సరిపోయే దారం కోసం బజారుకు వెళ్లింది, మగ్గం దగ్గర నిలబడి రంగు మార్పించింది, ఫిట్టింగ్ సరిచేసింది. అంతా కలిపితే ఏడు గంటలు అనుకున్నా గంటకు 80 రూపాయలు కూడా పడలేదు. మగ్గం పనివాడు రెండు రోజుల్లో ఆ పని ముగిస్తే అతనికి గంటకు 110 పైనే వస్తుంది. ఈ లెక్క వేసుకోని మనిషి ఆదాయం పెంచుకోవడానికి ఉన్న ఒకే దారి ఇంకో ఆర్డర్ ఒప్పుకోవడం అనుకుంటుంది. ‘అక్కా, పెళ్లి ఎల్లుండే, మీరైతేనే చేయగలరు’ అన్న మాటకు తలూపుతుంది. ఆ రాత్రి నిద్ర ఉండదు. దాని ధర బిల్లులో ఉండదు.

అందుకే మహిళా వ్యాపారి ఆరోగ్య రక్షణను స్పాలోనో, వారాంతపు విహారంలోనో వెతికే ముందు ఖాతా పుస్తకంలో వెతకడం మేలు. రెండు వారాల పాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో ఒక నోటుబుక్కులో రాసుకుంటే, డబ్బు తెచ్చే గంటలు, ఊరికే పోయే గంటలు విడిగా కనిపిస్తాయి. ఊరికే పోయేవాటిలో పెద్ద వాటా ఫోన్‌ది, ఉచితంగా చేసిపెట్టే సవరణలది, అరువు వసూలుకు తిరగడానిది. తర్వాత తన గంటకు ఒక కూలి కట్టి ధరలో కలపాలి. నెల తిరగ్గానే ఆ మొత్తాన్ని జీతంగా తన సొంత ఖాతాలోకి మార్చుకోవాలి. గల్లాపెట్టెలోంచి అవసరానికి తీసుకునే అలవాటులో యజమానురాలి శ్రమ ఎప్పటికీ ఇంటి ఖర్చులో కరిగిపోతుంది. ధర పెరిగితే కొందరు కస్టమర్లు పోతారు. తక్కువ ధర కోసమే వచ్చేవాళ్లు, బేరమాడి మళ్లీ అర్జంటు అనేవాళ్లు అందులో ఉంటారు కాబట్టి ఆ నష్టం భయపడినంత ఉండదు. అర్జంటు పనికి వేరే రేటు బోర్డు మీద రాసి పెట్టడం మొహమాటానికి మంచి విరుగుడు.

అప్పు ఈ ఒత్తిడిని రెట్టింపు చేస్తుంది. డ్వాక్రా సంఘాల ద్వారా తక్కువ వడ్డీకి రుణం దొరకడం తెలుగు రాష్ట్రాల మహిళలకు పెద్ద ఆసరా. అయితే గుంపు పూచీ మీద తీసుకున్న అప్పులో వాయిదా తప్పితే బ్యాంకు కంటే ముందు పక్కింటి ఆమె మొహం చూడాల్సి వస్తుంది. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిళ్లు, ఆత్మహత్యల వార్తల నడుమ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందంటే ఆ భారం ఎంతటిదో అర్థమవుతుంది. ఒక అప్పు వాయిదా కట్టడానికి మరో అప్పు చేస్తున్నారంటే వ్యాపారం మాత్రమే కాదు, ఆ మనిషి కూడా ప్రమాదంలో ఉన్నట్టే లెక్క. మూడు నెలల వాయిదాలకు, అద్దెకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోవడం అసాధ్యంగా కనిపించవచ్చు, కానీ కొద్దికొద్దిగా కూడబెట్టినా చాలు. ఆ నిల్వ ఉన్నవారే జ్వరం వస్తే పడుకోగలరు.

ఉద్యోగి రాజీనామా చేయొచ్చు. వ్యాపారం పెట్టిన మహిళకు ఆ వీలు తక్కువ. అప్పు ఆమె పేరున ఉంటుంది, బోర్డు మీద పేరు ఆమెది, మానేస్తే ‘మేం ముందే చెప్పలేదా’ అనేవాళ్లు ఇంట్లోనే ఉంటారు. దాంతో అలసటను ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం అలవాటవుతుంది. దాచినా బయటపడే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఆదివారమంతా పడుకున్నా సోమవారం ఒళ్లు తేలిక పడదు. పాత కస్టమర్ ఫోన్ మోగగానే గుండె దడదడలాడుతుంది, తీయాలనిపించదు. ఒకప్పుడు కళ్లకద్దుకుని చేసిన పని ఎలాగోలా అయిపోతే చాలనిపిస్తుంది. కొలతల్లో, కూడికల్లో మునుపు లేని పొరపాట్లు దొర్లుతాయి. బ్యాంకు మెసేజ్ తెరవడానికి చేతులు రావు.

ఈ గుర్తులన్నిటినీ పని ఖాతాలో వేయకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి12 లోపం, మధుమేహం, నెలసరి ఆగిపోయే వయసు మార్పులు కూడా ఇదే నీరసాన్ని, ఇదే చిరాకును తెస్తాయి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, షుగర్ పరీక్షలు చేయించుకుని డాక్టరుకు చూపించాకే మిగతాది ఆలోచించాలి. డిప్రెషన్‌ను కూడా వేరుగా గుర్తించాలి. బర్న్‌అవుట్ ఎక్కువగా పని చుట్టూ తిరుగుతుంది. పనితో సంబంధం లేని సంతోషాలు కూడా రుచించకపోవడం, నిద్ర, ఆకలి పూర్తిగా చెడటం, బతకడం ఎందుకన్న ఆలోచన రావడం డిప్రెషన్ వైపు వేలు చూపిస్తాయి. అప్పుడు ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవాలి. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పని తగ్గించుకోవడంలో మొదటి మెట్టు రెండో మనిషి. ఎక్కువమంది తమకు ఇష్టం లేని పనికి మనిషిని పెట్టుకుంటారు. పెట్టుకోవలసింది యజమానురాలు లేకపోతే ఆగిపోయే పనికి. కొలతల పుస్తకం చదవగలిగిన, పచ్చడిలో ఉప్పు పాళ్లు కాగితం మీద చూసి కలపగలిగిన మనిషి ఒకరు తయారైతే మొదటి సెలవు సాధ్యమవుతుంది. అందుకు ఆ పాళ్లు, ఆ కొలతలు ముందు కాగితం మీదకు రావాలి. 1959లో ముంబయిలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్ చూపిన దారి ఇదే. పిండి కలపడం కేంద్రంలో ఒకే పాళ్లతో జరుగుతుంది, సభ్యులు పిండి ఇంటికి తీసుకెళ్లి ఒత్తి అప్పడాలు తిరిగిస్తారు, ఒత్తినదానికి కూలి అందుతుంది. ఏ ఒక్కరి భుజం మీదా మొత్తం వ్యాపారం లేదు.

రెండోది ఫోన్. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకుని, వాట్సాప్ బిజినెస్‌లో పనివేళలు పెట్టి, రాత్రి తొమ్మిది తర్వాత వచ్చే సందేశాలకు దానంతట అదే జవాబు వెళ్లేలా చేయడం పది నిమిషాల పని. రాత్రి పదకొండుకు అడిగిన డిజైన్ ఫొటో పొద్దున పంపితే ఏ పెళ్లీ ఆగదు.

ఇంటి వాటా గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. భర్త సాయం చేస్తున్నాడంటే చాలా ఇళ్లలో అర్థం అతను డెలివరీకి బండి తీస్తున్నాడని. వంట, పిల్లల హోంవర్కు, అత్తగారి మందులు ఆమెవిగానే ఉండిపోతాయి. వ్యాపారపు డబ్బు ఇంటికి పనికొస్తున్నప్పుడు ఇంటిపనిలో వాటా కూడా పేర్లతో సహా పంచుకోవాలి. అహ్మదాబాద్‌లో ఇలా భట్ 1972లో స్థాపించిన స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ తన సభ్యుల కోసం పిల్లల సంరక్షణ కేంద్రాలు నడపడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. బిడ్డను చూసుకునే చోటు లేకపోతే తల్లి పని సాగదని ఆ సంఘం గుర్తించింది. తెలుగు పల్లెల్లో సంఘాలకు కొదవ లేదు, నెలనెలా సమావేశాలూ జరుగుతాయి. అక్కడ పొదుపు, వాయిదాల లెక్క ముగిశాక సీజన్‌లో ఎవరి పిల్లల్ని ఎవరు చూడాలి, మిగిలిపోయిన ఆర్డర్ ఎవరికి ఇవ్వాలి అన్న మాట కూడా వస్తే బాగుంటుంది. పట్టణాల్లో 1993లో ఏర్పడిన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్, 2018లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన వీ హబ్ వంటివి శిక్షణ, మార్కెట్ పరిచయాలు ఇస్తున్నాయి. అదే వ్యాపారంలో ఉన్న మరో మహిళతో మనసు విప్పి మాట్లాడే వీలు దొరకడం వాటి వల్ల కలిగే మరో మేలు. పోటీదారు అనుకుని దూరం పెట్టిన మనిషే ఒక్కోసారి ఆ అలసటను అందరికంటే బాగా అర్థం చేసుకుంటుంది.

ఇప్పటికే పూర్తిగా నీరసపడిపోయిన వారికి ఈ మార్పులు చాలవు, కొంతకాలం వ్యాపారం ఆపాల్సి వస్తుంది. ఆపడం కూడా పద్ధతిగా జరగాలి. అడ్వాన్స్ తీసుకున్న ఆర్డర్లలో చేయగలిగినవి పూర్తిచేసి, మిగతావాటి డబ్బు తిరిగి ఇవ్వాలి. వాయిదా తప్పకముందే బ్యాంకు మేనేజరును కలిసి గడువు మార్చమని రాతపూర్వకంగా అడగాలి. మళ్లీ తెరిచే తేదీని ఉజ్జాయింపుగానైనా పాత కస్టమర్లకు చెప్పాలి. కోలుకోవడానికి కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. మొదటి రెండు నెలలు సగం ఆర్డర్లతో, పాత కస్టమర్లతో మాత్రమే నడిపి, అర్జంటు పనులు అసలు ఒప్పుకోకుండా ఉంటే తిరిగి నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ.