యజమాని పోతే లైసెన్సుకు 90 రోజుల గడువు

సికింద్రాబాద్ మోండా మార్కెట్, జనరల్ బజార్‌లలో చాలా కొట్లు ఒక్కరి పేరు మీదే నడుస్తాయి. ఆయన కన్నుమూస్తే గోడకున్న లైసెన్సులు వెంటనే చెల్లకుండా పోవు. కానీ గడువు మొదలయ్యేది మరణించిన రోజు నుంచే. కర్మకాండలు ముగిసేదాకా అది ఆగదు.

ఒక మిఠాయి కొట్టు యజమాని జూన్ 1న పోయారనుకుందాం. 2011 నాటి ఆహార లైసెన్సుల నిబంధనల ప్రకారం ఆ 14 అంకెల లైసెన్సు కుటుంబం కోసం 90 రోజులు, అంటే ఆగస్టు 30 దాకా నిలుస్తుంది. కారణాలు రాసి ఆ గడువును పెంచే అధికారం డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు ఉంది. ఈలోగా వారసులు బదిలీకి దరఖాస్తు పెడితే లైసెన్సు కొనసాగుతుంది. కుటుంబాలు గట్టిగా పట్టుకోవాల్సింది ఈ వెసులుబాటునే. ఆ దరఖాస్తుకు ముందు మరణాన్ని 21 రోజుల్లో, జూన్ 22లోగా నమోదు చేయించాలి. ఆ చివరి రోజు దాకా ఆగితే 90లో మిగిలేది 69. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం మీసేవలో పెట్టే దరఖాస్తుకూ ఆ రోజులే దిక్కు.

దరఖాస్తు పెడితే లైసెన్సు కొనసాగే సౌకర్యం మందుల షాపుకు లేదు. యాజమాన్యం మారితే పాత లైసెన్సు గరిష్ఠంగా 3 నెలలే చెల్లుతుంది. ఆలోగా కొత్తది చేతికి రావాలి. దరఖాస్తు పెట్టి కూర్చుంటే చాలదు.

జీఎస్టీ సంగతి ఇంకా వేరు. 15 అంకెల నంబరులో 36 తెలంగాణ కోడ్, ఆ తర్వాతి 10 యజమాని పాన్. తండ్రి పాన్ కొడుక్కి రాదు కాబట్టి 30 రోజుల్లో కొత్త రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. తండ్రి ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను ఐటీసీ-02 ఫారంతో తెచ్చుకోవచ్చు. ఇది తెలియక ఆ డబ్బు వదులుకోకండి.

ట్రేడ్ లైసెన్సుకు మోండా వైపు వాళ్లు కార్పొరేషన్‌కు, తిరుమలగిరి వైపు వాళ్లు కంటోన్మెంట్ బోర్డుకు వెళ్లాలి.

యజమాని బతికే ఉండి, మంచాన పడితే? ఆహార లైసెన్సుల్లోని 90 రోజుల నిబంధన మరణం గురించే మాట్లాడుతుంది. ఇంగ్లండ్‌లో మద్యం అమ్మే చోట్లకు వర్తించే 2003 చట్టం మానసిక అశక్తతనూ లెక్కలోకి తీసుకుంది: 28 రోజుల్లో నోటీసు ఇస్తే 3 నెలల దాకా తాత్కాలిక అనుమతి దొరుకుతుంది. మన నిబంధనల్లోనూ అలాంటి వాక్యం ఒకటి రావాలి. అది వచ్చేదాకా, పెద్దాయన సంతకం పెట్టగలిగినప్పుడే షాపు అద్దె అగ్రిమెంటు వారసుడి పేరుకు మార్పించి, ఆ పేరు మీద కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేయడం మేలు.