నేలపలకల సందుల్లో దొరికిన కళ్లజోడు

మనకు కాన్వెంటు అంటే మెడలో టై, కాళ్లకు బూట్లు, ఇంగ్లీషు మీడియం. ఆ మాటకు అసలు అర్థం క్రైస్తవ సన్యాసినుల మఠం. సిస్టర్లు మఠాల పక్కన బడులు పెట్టారు, మఠం పేరు కాస్తా బడికి అంటుకుపోయింది. ఉత్తర జర్మనీలో సెల్లె పట్టణానికి పది కిలోమీటర్ల దూరంలో, ఆలర్ నది ఒడ్డున, వీన్‌హౌజెన్ అనే చిన్న ఊళ్లో అసలు సిసలు కాన్వెంటు ఒకటుంది. వయసు దాదాపు 800 ఏళ్లు.

1953లో అక్కడి ప్రార్థనామందిరంలో మరమ్మతుల కోసం చెక్క నేల పైకెత్తారు. పలకల కింద, శతాబ్దాల దుమ్ములో బోలెడన్ని చిన్న వస్తువులు బయటపడ్డాయి. అరచేతిలో దాచుకునేంత ప్రార్థనా చిత్రాలు, తీర్థయాత్రల్లో కొనుక్కునే లోహపు బిళ్లలు, చిన్న చాకులు, రాసుకునే పలకలు. వాటి మధ్య చెక్క కళ్లజోళ్లు! ప్రపంచంలో ఇప్పటిదాకా మిగిలిన అతి పాత కళ్లజోళ్లలో ఇవి ఉన్నాయి.

వాటి తయారీ చూస్తే ముచ్చటేస్తుంది. చిన్న పిడి ఉన్న గుండ్రటి చెక్క చట్రాలు రెండు. ఆ పిడుల కొసలు రెండూ కలిపి ఒక మేకు బిగించారు, కత్తెరలా తెరుచుకుంటుంది. అద్దం దూర్చడానికి చట్రం అంచులో చీలిక ఉంది, దూర్చాక దారంతో కట్టేస్తారు. చెవులకు తగిలించే కాడలు లేవు. ముక్కు మీద నొక్కి పెట్టుకోవాలి, లేదా చేత్తో పట్టుకోవాలి. తల కాస్త వంచితే జారిపోతుంది. అలా జారి, పలకల సందులో పడిందన్నమాట.

ఇటలీలో కళ్లజోడు పుట్టింది 13వ శతాబ్దం చివర్లో. కళ్లజోడు పెట్టుకున్న మనిషి బొమ్మల్లో తొలిదిగా చెప్పుకొనేది ఇటలీలోని ట్రెవీజోలో తొమ్మాజో ద మోదెనా 1352లో వేసిన చిత్రం. ఇంత కొత్త వస్తువు ఆల్ప్స్ పర్వతాలు దాటి వచ్చి, లోకం వదిలేసిన ఆడవాళ్ల చేతికి అందింది. లోకం వదిలేశారన్న మాటను ఇక్కడ కొంచెం జాగ్రత్తగానే తీసుకోవాలి.

ఈ మఠాన్ని పెట్టింది ఆగ్నెస్ అనే రాజకుటుంబ స్త్రీ. ‘సింహం’ అని బిరుదున్న డ్యూక్ హెన్రీకి పెద్దకోడలు. భర్త 1227లో పోయాడు. ఆ తర్వాత కొద్దికాలానికే, 1230 ప్రాంతంలో, వీన్‌హౌజెన్‌లో మఠం వెలిసింది. నియమాలు సిస్టర్షియన్లవి. 1098లో ఫ్రాన్స్‌లోని సీతో అనే చోట మొదలైన సన్యాసి సంఘం అది. తెల్లటి దుస్తులు, సాదా తిండి, ఒళ్లొంచి పని. గుడిలో బొమ్మలు వద్దు, గోడల మీద రంగులు వద్దు, సిలువ ఒక్కటి చాలు అన్నది వారి కట్టుబాటు. అయితే ఆడమఠాలను చేర్చుకోవడానికి ఆ సంఘం అంతగా ఇష్టపడేది కాదు. 1228లో ఇక కొత్తవి చేర్చుకోవద్దని మహాసభలోనే తీర్మానించారు. అందుకే వీన్‌హౌజెన్‌లో నియమం సిస్టర్షియన్లదే అయినా, సంఘంలో లెక్కప్రకారం సభ్యత్వం మాత్రం దక్కలేదు.

బొమ్మలు వద్దన్న సంఘం నీడలో ఈ ఆడవాళ్లు ఏం చేశారో చూడండి. బయటి నుంచి మఠం నిరాడంబరంగానే ఉంటుంది. ఎర్ర ఇటుక గోడలు, మెట్లు మెట్లుగా పైకి లేచే ముఖభాగాలు, చుట్టూ వసారాలు, మధ్యలో పెరడు. ఊరి గుడిని ఆనుకొని, పై అంతస్తులో సన్యాసినుల ప్రార్థనామందిరం. లోపలికి అడుగు పెడితే చూపు నిలవదు. 1335 ప్రాంతంలో వేసిన చిత్రాలు నేల తప్ప అంతటినీ కమ్మేశాయి. కప్పు మీద క్రీస్తు కథ, గోడల మీద పాత నిబంధన కథలు, సాధువుల కథలు, సందుల్లో తీగలు, ఆకులు. ఖాళీ జానెడు కూడా వదల్లేదు. 1488లో రంగులు వెలిస్తే ముగ్గురు సన్యాసినులు మళ్లీ పూశారు. ముగ్గురి పేరూ గెర్‌ట్రూడే.

గోడలతో ఆగలేదు. రంగు ఉన్నితో గుడ్డ కనబడకుండా నిండా కుట్టే ఒక కుట్టుతో పెద్ద పెద్ద తెరలు కుట్టారు. 14, 15 శతాబ్దాలవి ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో సాధువుల కథలున్న మాట నిజమే. కానీ మూడింటి మీద ఉన్నది ట్రిస్టాన్, ఇసోల్డ్‌ల కథ. పొరపాటున వలపు మందు తాగి, రాజుగారికి కాబోయే భార్యతో ప్రేమలో పడిన వీరుడి కథ! బ్రహ్మచర్య దీక్షలో ఉన్నవాళ్లు దీన్ని ఎందుకు కుట్టారన్నది పండితులకు ఇప్పటికీ మంచి కాలక్షేపమే. ఈ సన్యాసినులలో చాలామంది గొప్పింటి ఆడపిల్లలు. పుట్టింట్లో విన్న కథను మఠం గుమ్మం బయటే వదిలిరాలేదేమో. 1460, 70 ప్రాంతంలో రాసుకున్న పాటల పుస్తకం కూడా ఇలాంటిదే. లాటిన్ భక్తిగీతాలతో పాటు ఊరి జర్మన్ పాటలున్నాయి, పక్షుల పెళ్లి పాట కూడా ఉంది.

విగ్రహాలకు బట్టలూ వాళ్లే కుట్టేవారు. మన గుళ్లలో ఉత్సవమూర్తికి పట్టు కట్టినట్టు మరియమ్మకు, బాల యేసుకు గౌన్లు వేసేవారు. అంచులు నిలబడడానికి పాత చర్మపు పుస్తకాలను పట్టీలుగా కోసి లోపల పెట్టి కుట్టారు. ఈ మధ్య ఆ గౌన్లను పరిశీలించిన పండితులు ఆ పట్టీల మీది రాతలు చదువుతున్నారు.

ఈ వైభోగం పెద్దలకు నచ్చలేదు. 1469లో సంస్కర్త యోహాన్ బుష్ వచ్చి, మఠాధ్యక్షురాలు కాతరీనాను పదవి నుంచి దించి, కట్టుబాట్లు బిగించాడు. తర్వాత లూథర్ మతసంస్కరణ వచ్చింది. ఆ ప్రాంతపు డ్యూక్ ఎర్నెస్ట్ 1520ల చివర్లో దాన్ని తన మఠాల మీద రుద్దాడు, ఆస్తులు లాక్కున్నాడు. సన్యాసినులు మాత్రం ఒక పట్టాన లొంగలేదు. ఇక్కడ మొదటి ప్రొటెస్టెంట్ అధ్యక్షురాలు గద్దెనెక్కడానికి 1587 దాకా పట్టింది. మఠాన్ని మూసేసి ఉంటే తెరలు, బొమ్మలు ఎప్పుడో చెల్లాచెదురయ్యేవి. మూయకుండా మతం మాత్రమే మార్చడం వల్లనే సామాను ఉన్నచోటే ఉండిపోయింది.

ఇప్పుడు కూడా అక్కడ ఉండేది ఆడవాళ్లే. ప్రొటెస్టెంట్ స్త్రీల చిన్న బృందం. వచ్చినవాళ్లకు మఠం తిప్పి చూపించేది కూడా వాళ్లే. జర్మనీలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. హనోవర్ నుంచి సెల్లె దాకా రైలుంది, అక్కడి నుంచి పది కిలోమీటర్లే. చలికాలంలో మాత్రం వెళ్లకండి, అప్పుడు సందర్శకులను రానివ్వరు.