వదులైతే బిగించుకునే మంచం

మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1333లో సింధునదీ తీరాన్ని చేరాడు. ఈ దేశంలో ఆయనను ఆకర్షించిన వస్తువులలో మంచం ఒకటి. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, నడుమ పట్టుతాళ్ళతోనో నూలుతాళ్ళతోనో అల్లిక; ఒక్క మనిషి మోసుకుపోగలంత తేలిక. పడుకోవడానికి దానిపై మరేమీ పరవనక్కరలేదని, అల్లికే మెత్తగా సాగుతుందని ఆయన తన యాత్రాకథనంలో మెచ్చుకున్నాడు.

ఉత్తరాదివారి చార్‌పాయి, పంజాబీల మంజీ, తెలుగువారి నులక మంచం ఆ కుదురులోనివే.

దీని తయారీలో మేకులతో పనిలేదు. పట్టెల కొనలను చెక్కి కోళ్ళ బెజ్జాలలో దిగగొడతారు. మూలనుంచి మూలకు తాడుతో కొలిస్తే రెండు కొలతలూ సమానంగా రావాలి. లేకపోతే మంచం వంకరపోతుంది. ఆపై జనపనారతోనో, గోగునారతోనో, కొబ్బరిపీచుతోనో పేనిన నులకను ఐమూలగా అల్లుతారు. తాడు బిగిసినకొద్దీ కోళ్ళూ పట్టెలూ ఒకదానినొకటి గట్టిగా కరచిపట్టుకుంటాయి.

అసలు నేర్పు కాళ్ళవైపు ఉన్నది. అల్లికను చివరిపట్టెదాకా తీసుకుపోరు. మూరెడు ముందే ఒక లావుపాటి తాటిని అడ్డంగా కట్టి, అక్కడ ఆపుతారు. ఆ తాటినీ చివరిపట్టెనూ కలుపుతూ వేరొక తాడును వరుసగా చుట్టి బిగిస్తారు. సాగడం నార స్వభావం. కొన్నాళ్ళకు అల్లిక జారి కుక్కిమంచమవుతుంది. పడుకున్నవారి నడుము పట్టేస్తుంది. అప్పుడు మంచాన్ని విప్పనక్కరలేదు, వడ్రంగిని పిలవనక్కరలేదు. పట్టెకు కాలు తన్నిపెట్టి ఆ తాటిని వరుసవెంట లాగి ముడివేస్తే చాలు. సాగుతుందని ముందే ఎరిగి, సరిచేసుకునే వీలును తయారీలోనే అమర్చిన వస్తువు ఇది.

వడియాలు ఎండబెట్టడానికి, వేసవిరాత్రి ఆరుబయట పడుకోవడానికి, దారిలేని పల్లెనుంచి రోగిని మోసుకుపోవడానికి ఈ మంచమే ఆధారమైంది. ఇప్పుడు చాలా ఇళ్ళలో దాని చోటును ఇనుపగొట్టాల మంచాలు, ప్లాస్టిక్ నవారు, స్పాంజి పరుపులు ఆక్రమించాయి. పరుపు కుంగితే బిగించుకునే ఉపాయం లేదు, పారవేయడమే.

2017లో ఆస్ట్రేలియాలో ఒకరు ఇలాంటి మంచాన్ని 990 డాలర్లకు అమ్మజూపిన ప్రకటన వెలువడితే మనదేశంలో ఎందరో నవ్వుకున్నారు. నవ్వినవారిలో కుక్కిమంచాన్ని బిగించడం తెలిసినవారు ఎందరు? ఈ విద్య ఏ బడిలోనూ చెప్పేది కాదు. పక్కన నిలిచి, తాడు కొసను పట్టుకుని నేర్చుకునేది. అటకమీద పాతమంచం, ఇంట్లో పెద్దచేయి రెండూ ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ మంచాన్ని ఒక ఆదివారంనాడు కిందికి దించడానికి ఇదే తగిన సమయం.