క్యూఓ-100 అమెచ్యూర్ రేడియో ఉపగ్రహం: డిష్, ఫీడ్‌ల ఎంపికలో అక్షాంశ ప్రభావం

ఉపోద్ఘాతం

2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్ ద్వారా ప్రయోగించిన హామ్‌శాట్ తక్కువ ఎత్తు కక్ష్యలో తిరిగే ఉపగ్రహం. చేతిలో పట్టుకునే యాగీ యాంటెన్నాతోనే దాని ద్వారా సంభాషించడం సాధ్యమయ్యేది. అయితే అది ఆకాశంలో అందుబాటులో ఉండే సమయం ఒక్కో పర్యాయం కొద్ది నిమిషాలే. 2018 నవంబరు 15న ప్రయోగించిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హైల్-2 ఈ పరిమితిని తొలగించింది. భూస్థిర కక్ష్యలో తూర్పు రేఖాంశం 25.9 డిగ్రీల వద్ద ఉన్న ఈ ఉపగ్రహంలోని అమెచ్యూర్ ట్రాన్స్‌పాండర్లనే క్యూఓ-100 అని వ్యవహరిస్తారు. ఇది రోజంతా అందుబాటులో ఉంటుంది, కాని దూరం సుమారు 36 వేల కిలోమీటర్లకు పైమాటే. అందువల్ల డిష్ తప్పనిసరి. ఏ డిష్, దానికి ఏ ఫీడ్ అన్న ప్రశ్నకు లభించే సమాధానాలలో అధికభాగం ఐరోపా అనుభవం నుంచి వచ్చినవే. వాటిని యథాతథంగా హైదరాబాదుకు అన్వయిస్తే ఒకచోట పొరపాటు జరుగుతుంది.

డిష్ పరిమాణం

నారోబ్యాండ్ ట్రాన్స్‌పాండరుకు 2,400 మెగాహెర్ట్జ్ వద్ద ప్రసారం చేసి, 10,489 మెగాహెర్ట్జ్ పరిసరాలలో గ్రహించాలి. మొదటిదాని తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, రెండవదానిది 2.86 సెంటీమీటర్లు. 90 సెంటీమీటర్ల డిష్ 55 శాతం సామర్థ్యంతో పనిచేస్తే గెయిన్ ప్రసారంలో 24.5 డెసిబెళ్లు, గ్రహణంలో 37.3 డెసిబెళ్లు వస్తుంది. కిరణపుంజం వెడల్పు వరుసగా 10 డిగ్రీలు, 2.2 డిగ్రీలు. నారోబ్యాండ్‌లో వాక్ సంభాషణకు ఈ డిష్, కొన్ని వాట్ల శక్తి సరిపోతాయి. బీకన్‌ను మించిన బలంతో ఎవరూ ప్రసారం చేయరాదన్న నియమం ఉన్నందున అంతకన్నా పెద్ద డిష్ ప్రసారంలో ప్రత్యేక ప్రయోజనమేదీ చేకూర్చదు. డిజిటల్ టెలివిజన్ ప్రసారాల విషయం వేరు. వైడ్‌బ్యాండ్ ట్రాన్స్‌పాండరుకు పెద్ద డిష్ అవసరమే.

కేబుల్ టీవీ తొలినాళ్ల ఎనిమిది అడుగుల జాలీ డిష్ ఎక్కడైనా మిగిలి ఉంటే, దానిని వాడుకోవాలన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది. పరావలయ ఉపరితలంలో సగటున 3 మిల్లీమీటర్ల దోషం ఉందనుకుంటే, 2.4 గిగాహెర్ట్జ్ వద్ద నష్టం 0.4 డెసిబెల్ మాత్రమే. అదే దోషం 10.5 గిగాహెర్ట్జ్ వద్ద ఏడున్నర డెసిబెళ్ల నష్టం కలిగిస్తుంది. పైగా దాని కిరణపుంజం ఒక డిగ్రీకన్నా సన్నగా ఉంటుంది కాబట్టి గాలికి డిష్ కాస్త ఊగినా సంకేతం పడిపోతుంది. గ్రహణానికి సంబంధించినంతవరకు వంకరలేని చిన్న రేకు డిష్షే మేలు.

ఫీడ్

ఫీడ్ వెదజల్లే శక్తి డిష్ అంచుల వరకే పరచుకోవాలి. అంచు దాటినది ప్రసారంలో వృథా అవుతుంది. గ్రహణంలోనైతే వెచ్చని నేల నుంచి వచ్చే రొదను లోపలికి తెస్తుంది. నాభ్యంతరానికి, వ్యాసానికి గల నిష్పత్తి ఇక్కడ నిర్ణాయకం. పాత జాలీ డిష్‌లలో ఈ నిష్పత్తి 0.38 అయితే, నాభి నుంచి చూసినప్పుడు డిష్ 133 డిగ్రీల కోణంలో విస్తరించి ఉంటుంది. ఇంటి మీది ఆఫ్‌సెట్ డిష్‌కు 0.65 అనుకుంటే ఆ కోణం 84 డిగ్రీలే. ఒకదానికోసం తయారైన ఫీడ్ రెండవదానికి నప్పదు.

రెండు పౌనఃపున్యాలకూ ఒకే ఫీడ్‌గా విస్తృతంగా వాడుకలో ఉన్నది పాటీ అనే నమూనా. అందులో ప్యాచ్ యాంటెన్నా మధ్యగా 22 మిల్లీమీటర్ల రాగి గొట్టం సాగుతుంది. దాని లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లయితే, సుమారు 8.8 గిగాహెర్ట్జ్‌కు దిగువన ఉన్న తరంగాలు అందులో ప్రయాణించలేవు. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం గొట్టంలో ప్రతి సెంటీమీటరుకూ 15 డెసిబెళ్ల చొప్పున క్షీణిస్తుంది. ప్రసారశక్తి నుంచి ఎల్‌ఎన్‌బీని కాపాడే వడపోత ఈ విధంగా గొట్టంలోనే అమరింది. ఆఫ్‌సెట్ డిష్‌తో వాడేటప్పుడు గొట్టం మూతి వద్ద విద్యుద్రోధక కటకాన్ని అమర్చి గ్రహణ పుంజాన్ని సన్నబరుస్తారు.

ఉపగ్రహం కుడిచేతి వృత్తీయ ధ్రువణాన్ని స్వీకరిస్తుంది. డిష్ మీద పరావర్తనం చెందినప్పుడు ధ్రువణదిశ తారుమారవుతుంది కాబట్టి ఫీడ్ ఎడమచేతిది కావాలి. హెలిక్స్ చుట్టేవారు తరచూ తడబడేది ఇక్కడే.

ధ్రువణ కోణం

ఐరోపా సూచనలు హైదరాబాదుకు పొసగని చోటు ఇదే. జర్మనీలోని బోఖుం నగరం నుంచి ఈ ఉపగ్రహం ఉన్నతాంశం సుమారు 28.6 డిగ్రీలు, హైదరాబాదు నుంచి 27.7 డిగ్రీలు. దాదాపు సమానం. కాని నారోబ్యాండ్ గ్రహణ సంకేతపు నిలువు ధ్రువణం భూమి అక్షానికి సమాంతరంగా ఉంటుంది. బోఖుంలో దక్షిణం నుంచి కాస్త తూర్పుగా చూసేవారికి ఆ అక్షం దాదాపు నిలువుగానే, 14 డిగ్రీల వాలుతో కనిపిస్తుంది. హైదరాబాదులో ఉపగ్రహం దిగంశం 257 డిగ్రీలు, అంటే పడమటికి కొద్దిగా దక్షిణంగా. అటు తిరిగి నిలుచున్నవారికి ధ్రువనక్షత్రం కుడివైపున, దిగంతానికి 17 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉంటుంది. అంటే ఉపగ్రహపు 'నిలువు' ఇక్కడ 68 డిగ్రీలు కుడికి ఒరిగి దాదాపు అడ్డంగా వస్తుంది. ఎల్‌ఎన్‌బీని నిటారుగానే ఉంచితే దాదాపు 9 డెసిబెళ్ల నష్టం. 90 సెంటీమీటర్ల డిష్‌ను సుమారు 32 సెంటీమీటర్లకు కుదించినంత పని!

పాటీ ఫీడ్‌లో ఈ సవరణ సులభం. ప్యాచ్‌ది వృత్తీయ ధ్రువణం కనుక దానిని కదపనవసరం లేదు. గొట్టం వెనుక ఎల్‌ఎన్‌బీని మాత్రం, డిష్ వెనుక నిలిచి ఉపగ్రహం వైపు చూస్తూ, సవ్యదిశలో 68 డిగ్రీలు తిప్పాలి. లేదా 13 వోల్టులకు బదులు 18 వోల్టులిచ్చి, అపసవ్యదిశలో 22 డిగ్రీలు తిప్పినా ఫలితం అదే. స్థానిక ఆసిలేటరు 9,750 మెగాహెర్ట్జ్ ఉన్న ఎల్‌ఎన్‌బీ అయితే బీకన్ 739.75 మెగాహెర్ట్జ్ వద్ద వినిపిస్తుంది.

ఆఫ్‌సెట్ కోణం 24 డిగ్రీల ప్రాంతంలో ఉండే డిష్ ఈ దిశలో దాదాపు గోడలా నిటారుగా నిలుస్తుంది. 60 డిగ్రీలకు పైగా తలెత్తి చూసే డీటీహెచ్ డిష్‌లకు అలవాటుపడిన కంటికి అది నేలకేసి చూస్తున్నట్టు తోచినా, అమరిక సరైనదే. అదే డిష్‌ను విశాఖపట్నానికి తరలిస్తే ఉన్నతాంశాన్ని 23 డిగ్రీలకు దించాలి. ఎల్‌ఎన్‌బీని మాత్రం మరొక డిగ్రీ తిప్పితే చాలు.