ఒక్క బోల్టు తక్కువైనా అది ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు

విజయవాడ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల. బెంగళూరు హైవే మీద కొత్తూరు, జడ్చర్ల. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ రెండు దారుల వెంట మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు ఎన్నో వెలిశాయి. దివీస్ తొలి ప్లాంటు 1995లో చౌటుప్పల్ దగ్గరే మొదలైంది. జడ్చర్ల పక్కన పోలేపల్లిలో ఫార్మా సెజ్ ఉంది. ఇలాంటి ఫ్యాక్టరీల్లో టొలుయీన్, మెథనాల్ వంటి సాల్వెంట్లు డ్రమ్ములకొద్దీ ఖర్చవుతాయి. గాలిలో టొలుయీన్ ఆవిరి నూటికి ఒక వంతు దాటితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది.

ఆ రవ్వ ఎక్కడి నుంచైనా రావచ్చు. మామూలు స్విచ్ వేసినా, ఆపినా లోపల ఒక మెరుపు పుడుతుంది.

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఎంటీబీఈ అనే సాల్వెంట్ లీకై కింది అంతస్తులోని కరెంటు ప్యానెళ్ల మీద పడడంతో మంటలు లేచాయని అధికారులు అప్పట్లో చెప్పారు.

ఇలాంటి చోట్ల మామూలు మోటార్లు, లైట్లు పెట్టకూడదు. కార్మికులు ‘ఎఫ్‌ఎల్‌పి’ అని పిలిచే ఫ్లేమ్‌ప్రూఫ్ పరికరాలే కావాలి. అవి లోపలికి ఆవిరి పోకుండా ఆపుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆవిరి లోపలికి పోతుంది, అక్కడ పేలనూవచ్చు. ఆ దెబ్బకు పగలనంత దిట్టంగా డబ్బాను పోతపోస్తారు. మూతకూ డబ్బాకూ మధ్య వెడల్పాటి అంచు, వెంట్రుకమందం సందు ఉంటాయి. మంట ఆ సందులోంచి బయటికి వచ్చేలోపే చల్లారిపోతుంది.

పరికరం నిజంగా అలా పనిచేస్తుందని తేల్చేదే సర్టిఫికేషన్. ధన్‌బాద్‌లోని సింఫర్ వంటి ప్రయోగశాలల్లో ఐఎస్/ఐఈసీ 60079 ప్రమాణాల ప్రకారం పరీక్షిస్తారు. పెట్రోలియం నియమాల కింద ఆమోదం ఇచ్చేది నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో అనే కేంద్ర ప్రభుత్వ భద్రతా సంస్థ. సింగరేణి లాంటి బొగ్గు గనులకైతే గనుల భద్రతా డైరెక్టరేట్ అనుమతి ఉండాలి.

మోటారు మీది రేకు ముక్కను దగ్గర్నుంచి చూస్తే ‘ఎక్స్ డిబి, టూబి, టి4, జిబి’ వంటి గుర్తులుంటాయి. డిబి అంటే ఫ్లేమ్‌ప్రూఫ్. టి4 అంటే ఉపరితలం 135 డిగ్రీలకు మించి వేడెక్కదని హామీ. కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి 100 డిగ్రీల లోపే తనంతట తానే అంటుకుంటుంది కాబట్టి అక్కడ 85 డిగ్రీల హద్దు ఉన్న టి6 కావాలి. టూబి అనేది ఏ రకం వాయువులకు పనికొస్తుందో చెబుతుంది. హైడ్రోజన్ వాడే గదిలో అది చాలదు, టూసి ఉండాలి. చివరి జిబి, ఎప్పుడైనా ఆవిరి చేరే అవకాశమున్న జోన్ 1కు సరిపోతుందని అర్థం. రియాక్టర్ మూత చుట్టుపక్కల చోటు సాధారణంగా ఆ జోనే. ఆవిరి ఎప్పుడూ ఉండే ట్యాంకు లోపలి భాగం జోన్ 0 కిందికి వస్తుంది.

పొడితోనూ ఇదే ముప్పు. సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అక్కడ తయారయ్యేది మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి. మండే పొడి గాల్లో లేచే చోట్లకు 20, 21, 22 అని వేరే జోన్లున్నాయి, పరికరాల మీద గుర్తులూ వేరే.

అసలు చిక్కు పరికరం కొన్నాక మొదలవుతుంది. రిపేరుకు విప్పిన మూతకు ఎనిమిది బోల్టులుంటే ఆరు బిగించి వదిలేస్తారు. వాడని కేబుల్ రంధ్రంలో గుడ్డముక్క కుక్కుతారు. వాన నీళ్లు దిగుతున్నాయని అంచుకు ఎం-సీల్ పూస్తారు. కాలిన మోటారును బజారులో ఎక్కడో రీవైండింగ్ చేయిస్తారు. సర్టిఫికెట్ ఫైలులో భద్రంగానే ఉంటుంది కానీ మంటను ఆపాల్సిన సందు మాత్రం పాడైపోతుంది. పరికరాలను ఎలా తనిఖీ చేయాలో, ఎలా రిపేరు చేయాలో 60079లోనే వేరే భాగాలున్నాయి. వాటి ప్రకారం శిక్షణ పొందినవాళ్ల చేతే ఈ పని చేయించాలి.

కొనేటప్పుడు రేకు మీది నంబరును సర్టిఫికెట్‌తో సరిచూడాలి. అది తమ సాల్వెంటుకు, తమ జోన్‌కు సరిపోతుందా అని అడగాలి. షిఫ్టులో ఉన్న కార్మికుడికి ఎక్కడైనా బోల్టు లేని మూత, తెరిచి ఉన్న కేబుల్ రంధ్రం కనబడితే వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. దాన్ని సరిచేసేదాకా ఆ లైను నడపకూడదు.