పోచంపల్లిలో ఆచార్య వినోబా: రైతులకొక పాఠము

మహనీయుల దర్శనము గడియసేపే యగును. ఆ గడియలో మన నోట వెలువడిన మంచిమాటను నిలుపుకొనుట మాత్రము తరువాతి దినముల పని. రామగుండము ప్రాంతమున ఒక పల్లెకు విత్తనశుద్ధి చేసి చూపుటకై పోయినప్పుడు ఈ సంగతి మాకు గట్టిగా బోధపడినది.

ఆ పల్లెలో ఒక పెద్ద రైతు కొన్ని యేండ్ల క్రిందట తన యొద్ద చిరకాలము పనిచేసిన పాలేరునకు రెండెకరముల ఖుష్కి నేలను నలుగురి యెదుట నోటిమాటగా నిచ్చెను. మేమును ఆనాడు అక్కడనే యుంటిమి. దాతను మెచ్చుకొంటిమి గాని కాగితము మాట యెత్తమైతిమి. ఇప్పుడు దాత లేడు. బొగ్గుగని కొరకు ఆ వైపు భూములు కొలతకు వచ్చినవి. పహాణీలో పాలేరు పేరు లేదు. అతడు మమ్ము చూచి, “అయ్యా, ఆ దినము మీరును ఉన్నారు గదా!” అనెను. మాకు బదులు తోచలేదు.

అప్పుడు పోచంపల్లి వృత్తాంతము జ్ఞప్తికి వచ్చినది. 1951 మార్చిలో ఆచార్య వినోబా భావే వార్ధా ప్రాంతమునుండి కాలినడకను బయలుదేరి, హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమునకు వచ్చిరి. నల్లగొండ సీమ యప్పుడు భూమి తగాదాలతోను సాయుధ పోరాటముతోను అట్టుడికినట్లుండెను. సమ్మేళనానంతరము ఆ పల్లెలను కన్నులార చూడదలచి నడచుచు, ఏప్రిలు 18వ తేదీన వారు పోచంపల్లి చేరిరి. భూమిని దానముగా నడుగవలెనను సంకల్పముతో వచ్చినవారు కారు.

నాడు హరిజనులని పిలువబడుచుండిన దళితుల వాడకు పోయి వారి కష్టసుఖములు విచారింపగా, 40 కుటుంబములవారు తరి, ఖుష్కి కలిపి 80 ఎకరములున్న బ్రతుకగలమని విన్నవించిరి. సర్కారునకు వ్రాసినచో అది యెన్నాళ్లకు ఫలించునో! అందువలన గ్రామస్థులలో ఎవరైన ఈయగలరా యని వినోబాజీ యడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇత్తుననిరి. అడిగినదానికంటె 20 ఎకరములు అధికము!

భూదానోద్యమము ఆ క్షణమున పుట్టినది. 51 దినములలో సుమారు 200 గ్రామములు తిరిగి, తెలంగాణమున వినోబాజీ 12,201 ఎకరములు స్వీకరించిరి. ఆ యూరు నేటికిని భూదాన పోచంపల్లి యని పిలువబడుచున్నది. పిదప వారు దేశమంతయు నడువగా 40 లక్షల ఎకరములకు పైగా దానముగా ప్రకటింపబడెను.

అయితే, అందులో చాల భాగము పేదల చేతికి చేరలేదు. కొంత సేద్యమునకు పనికిరాని నేల. కొంత వ్యాజ్యములలో చిక్కినది. కొన్నిచోట్ల దాతల వారసులే అడ్డుపడిరి. రాతినేలపై పడిన విత్తనము వేగముగా మొలచి, వేరు లేక యెండకు మాడునట్లు ఆ దానములు మాడిపోయినవి. 1965లో ఆంధ్రప్రదేశమున భూదాన, గ్రామదాన చట్టము చేయబడినను, పాత చిక్కులన్నియు తీరలేదు. వినోబాజీ ఒక యూర నిలిచిపోవువారు కారు. నడచి మరియొక యూరు పోవలసినవారు. దాతయు, గ్రహీతయు, ఇరుగుపొరుగు రైతులునే ఆ యూర మిగిలియుందురు. తక్కిన పని వారిది.

కావున సభ్యులు ఈ మూడు సంగతులు మరువరాదు. మొదటిది, ఇచ్చు నేల సర్వే నంబరు తెలిసికొని, కొలిపించి, హద్దురాళ్లు పాతించవలయును. రెండవది, దానపత్రము వ్రాయించి, ఇద్దరు సాక్షులతో రిజిస్ట్రేషను చేయించవలయును. నోటిమాట దానము 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ముందు నిలువదు. తెలంగాణమున వ్యవసాయ భూములకు ఇది తహసీల్దారు కచేరిలోనే జరుగుచున్నది. మూడవది, భూమి రికార్డులో పేరు మారి, పట్టాదారు పాసుపుస్తకము గ్రహీత చేతికి వచ్చువరకు పని ముగిసినదని తలపరాదు.

మేము ఆ పల్లెకు మరల పోయి దాత కుమారులతో మాటలాడితిమి. పెద్దవాడు తండ్రి మాట నిలుపుటకు సమ్మతించెను. చిన్నవాడు ఇంకను ఆలోచించుచున్నాడు. వచ్చు వారము ఊరి పెద్దలతో కూడ మరల పోవుదుము. ఆనాడు మెచ్చుకొని యూరకుండినవారము గనుక, ఈనాడు తిరుగుట మా విధి. మీ గ్రామములలోను ఇట్టి నోటిమాట దానము లున్నచో, దాత బ్రదికియుండగనే పత్రము వ్రాయింపుడని మా మనవి.